మెడలో ప్లేటు వేశాక పక్క డిస్కుల్ని కనిపెట్టుకుని ఉండడం ఎలా

మెడలో పాడైన డిస్కు (రెండు పూసల మధ్య ఉండే మెత్తని దిండు) తీసేసి, ఆ ఖాళీలో కేజ్ అనే చిన్న దిమ్మ పెట్టి, పై పూసా కింది పూసా ఒకటిగా అతుక్కునేలా ముందు నుంచి ప్లేటు బిగించాక చాలామందికి చెయ్యి లాగడం తగ్గిపోతుంది. కొన్నేళ్ళు హాయిగా గడిచాక మళ్ళీ మెడ పట్టేస్తుంది. ఈసారి తిమ్మిరెక్కేది వేరే వేలు. "ప్లేటు వేయించుకుంటే పక్క పూస పాడవుతుందట" అన్న మాట విజయవాడ సూర్యారావుపేట స్కాన్ సెంటర్లలోనూ, గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల వరండాల్లోనూ వినపడుతూనే ఉంటుంది. అందులో సగం నిజం. ఆ సగం ఏమిటో తెలుసుకుంటే ఆపరేషన్‌కు ముందు డాక్టరు గారిని ఏమడగాలో, తరవాత ఇంట్లో ఏం గమనించాలో తెలుస్తుంది. ఆపరేషన్ అయిపోయినవాళ్ళూ, ఇంకా ఆలోచనలో ఉన్నవాళ్ళూ కింది పనులు వరసగా చేసుకుంటూ రండి.

1. మీది ఏ లెవెలో కాగితం మీద చూసుకోండి

లెవెల్ అంటే ఆపరేషన్ చేసిన డిస్కు ఉన్న చోటు. మెడలో 7 పూసలు. పై నుంచి సి1, సి2 అంటూ సి7 దాకా లెక్క. దాని కింద వీపు పూసల్లో మొదటిది టి1. సి1, సి2 మధ్య డిస్కు ఉండదు కాబట్టి సి2-సి3 నుంచి సి7-టి1 వరకు మొత్తం 6 డిస్కులు. ఎక్కువగా అరిగేవి, ఎక్కువగా ఆపరేషన్ చేసేవి సి5-సి6, సి6-సి7.

మీ డిశ్చార్జి కాగితంలో సి5-సి6 అని ఉంటే మీ పక్క డిస్కులు రెండు: పైన సి4-సి5, కింద సి6-సి7. సి5-సి6, సి6-సి7 రెండూ కలిపి చేసి ఉంటే పైన సి4-సి5, కింద సి7-టి1. ఇక మీదట మీరు కనిపెట్టాల్సింది వాటినే.

ఏ డిస్కు ఏ నరాన్ని నొక్కుతుందో గుర్తుపెట్టుకోవడం తేలిక. మెడలో డిస్కు పేరులోని కింది అంకే నరం అంకె. సి4-సి5 నొక్కేది సి5 నరాన్ని. అప్పుడు చెయ్యి పక్కకు ఎత్తడం కష్టమవుతుంది, భుజం బయటివైపు మొద్దుబారుతుంది. సి5-సి6 అయితే సి6 నరం: మోచెయ్యి మడవడంలో, మణికట్టు పైకి వంచడంలో బలం తగ్గుతుంది, బొటనవేలు వైపు తిమ్మిరి. సి6-సి7 అయితే సి7 నరం: మోచెయ్యి చాచి తలుపు తోయడం కష్టం, మధ్యవేలు తిమ్మిరి. సి7-టి1 దగ్గర మాత్రం లెక్క మారుతుంది. అక్కడ నొక్కుకునేది సి8 నరం. పిడికిలి పట్టు సడలుతుంది, చిటికెన వేలు మొద్దుబారుతుంది.

ఇది ఎందుకు అవసరమంటే, సి5-సి6 ఆపరేషన్‌కు ముందు మీకు బొటనవేలు తిమ్మిరి ఉండి, నాలుగేళ్ళ తరవాత మధ్యవేలు తిమ్మిరి మొదలైతే, అది పాత జబ్బు తిరగబెట్టడం కాకపోవచ్చు. కింది డిస్కు వైపు చూడమని ఆ వేలే చెబుతోంది. డాక్టరు గారి ముందు "చెయ్యంతా లాగుతోంది" అనే బదులు ఏ వేలో చెబితే పరీక్ష సూటిగా సాగుతుంది.

ఇక కాగితాలు. డిశ్చార్జి సమ్మరీతో పాటు ఆపరేషన్ నోట్సు కాపీ అడిగి తీసుకోండి. అందులో లెవెల్, కేజ్ దేనితో చేసినది, దాని ఎత్తు ఎన్ని మిల్లీమీటర్లు, ప్లేటు కంపెనీ, స్క్రూల సంఖ్య ఉండాలి. ప్లేటు, కేజ్ పెట్టెల మీది స్టిక్కర్లు కేసు షీటుకు అతికిస్తారు, వాటికి ఫోటో తీసుకోండి. ఆపరేషన్‌కు ముందు తీసిన ఎంఆర్ఐ సీడీ, ఆపరేషన్ అయ్యాక నిలబెట్టి తీసిన మొదటి ఎక్స్‌రే పారేయకండి. పదేళ్ళ తరవాత పక్క డిస్కు అరిగిందని ఎవరన్నా అంటే మొదట అడగాల్సింది "ఆపరేషన్ నాటికే అది ఎలా ఉంది?" అని. దానికి జవాబు ఆ పాత సీడీలోనే ఉంటుంది. ఇంట్లో చాలామంది జాగ్రత్త చేసేది బిల్లుల్ని, పోగొట్టుకునేది ఈ సీడీని.

2. పక్క డిస్కు మీద భారం ఎలా పెరుగుతుందో అర్థం చేసుకోండి

తల ఊపడంలో దాదాపు సగం పుర్రెకూ సి1కూ మధ్య జరుగుతుంది. తల పక్కకు తిప్పడంలో దాదాపు సగం సి1, సి2 మధ్య జరుగుతుంది. మిగతాది కింది డిస్కులు పంచుకుంటాయి. వాటిలో ముందుకీ వెనక్కీ వంగడంలో పెద్ద వాటా సి5-సి6ది. ఒక్క లెవెల్ అతికించినవాళ్ళు "మెడ బాగానే తిరుగుతోందే" అని ఆశ్చర్యపోయేది ఇందుకే.

కానీ అతుక్కున్న చోట ఆగిపోయిన కదలిక ఎక్కడికీ పోదు. మీరు చొక్కా గుండీ చూసుకోవడానికి తల వంచినప్పుడు ఆ వంపును పై డిస్కూ కింది డిస్కూ అదనంగా మోస్తాయి. 2002లో వెలువడిన ఒక ప్రయోగంలో మృతదేహాల మెడల్లో సి5-సి6ను ప్లేటుతో బిగించి తల వంచి కొలిచారు. సి4-సి5 డిస్కు లోపలి ఒత్తిడి సుమారు 73 శాతం, సి6-సి7లో సుమారు 45 శాతం పెరిగింది. అదే కోణం దాకా బలవంతంగా వంచి కొలిచిన లెక్క అది. బతికున్న మనిషి కాస్త తక్కువ వంగి సర్దుకుంటాడు, కాబట్టి ఆ అంకెల్ని మీ మెడకు యథాతథంగా అన్వయించుకోకూడదు. దిశ మాత్రం అదే.

రెండో సగం వయసుది. 1990లో ఏ నొప్పీ లేని 63 మందికి మెడ ఎంఆర్ఐ తీస్తే, 40 ఏళ్ళ లోపువారిలో 25 శాతం మందికి, 40 దాటినవారిలో దాదాపు 60 శాతం మందికి కనీసం ఒక డిస్కు అరిగో సన్నబడో కనిపించింది. వాళ్ళెవరికీ ప్లేటు లేదు. అంటే ఆపరేషన్ చేయించుకోకపోయినా ఆ పక్క డిస్కు అరిగి ఉండేదేమో.

అందుకే రెండు మాటల్ని వేరుగా పట్టుకోండి. ఫిల్ములో పక్క డిస్కు అరిగినట్టు కనిపించడం ఒకటి. ఆ అరుగుదల వల్ల నరమో వెన్నుపామో నొక్కుకుని కొత్త బాధ రావడం వేరొకటి. మొదటిది చాలామందికి వస్తుంది, దానికి వైద్యం అక్కర్లేదు. రెండోదే జబ్బు. 1999లో అమెరికాలో హిలిబ్రాండ్, ఆయన సహచరులు ఇలా ఆపరేషన్ అయిన 374 మందిని పరిశీలించి, ఏడాదికి సగటున 2.9 శాతం మందికి పక్క లెవెల్లో కొత్త బాధ వస్తుందని, పదేళ్ళకు అది నలుగురిలో ఒకరి దాకా చేరవచ్చని లెక్కగట్టారు. వాళ్ళకే ఆశ్చర్యం కలిగించిన సంగతి మరొకటి ఉంది. ఎక్కువ లెవెల్స్ అతికించినవాళ్ళలో పక్క డిస్కు బాధ ఎక్కువగా రావాలి కదా, తక్కువగా వచ్చింది. ఒక్క లెవెలే అతికించి, అరిగే గుణం ఎక్కువున్న సి5-సి6నో సి6-సి7నో పక్కన వదిలినప్పుడే ఎక్కువ. నేరం మొత్తం ప్లేటుదే అయితే లెక్క ఇలా రాదు.

3. ఆపరేషన్‌కు ముందైతే ఇవి అడగండి

అసలు అతికించడం తప్పదా అని మొదట అడగండి. చెయ్యి లాగుడు మాత్రమే ఉండి, బలం తగ్గకుండా, నడక మారకుండా ఉంటే సుమారు 6 వారాలు మందులూ ఫిజియోథెరపీతో చూడడం పద్ధతి. చాలామందికి అందులోనే తగ్గుతుంది. ఒక పక్క నరం మాత్రమే నొక్కుకుని ఉంటే, వెనక నుంచి ఎముకను కొద్దిగా తొలిచి నరానికి దారి చేసే ఆపరేషన్ కొందరికి సరిపోతుంది. అందులో ప్లేటూ ఉండదు, అతికించడమూ ఉండదు. వెన్నుపాము నొక్కుకుంటే మాత్రం ఆగే పని పెట్టుకోకండి.

తరవాతి ప్రశ్న లెవెల్స్ గురించి. "పక్కది కూడా కొంచెం అరిగింది, ఎలాగూ కోస్తున్నాం, అదీ కలిపేద్దాం" అంటే, ఆ పక్కది ఇప్పుడు ఏ బాధ కలిగిస్తోందో చూపించమనండి. ఫిల్ములో మాత్రమే అరిగి, లక్షణం ఏమీ లేని డిస్కును కలిపితే దాని పక్కది కొత్త పొరుగు అవుతుంది. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. నిజంగా నరాన్ని నొక్కుతున్న డిస్కును వదిలేసి పక్కది మాత్రమే చేస్తే రెండేళ్ళలో మళ్ళీ టేబుల్ ఎక్కాల్సి రావచ్చు. తిమ్మిరి ఏ వేలిదో, కండ ఏది బలహీనమో, ఎంఆర్ఐ ఏమంటుందో మూడూ ఒకే లెవెల్‌ను చూపిస్తేనే ఆ లెవెల్ చేయాలి.

ఇక పనితనం. పక్క డిస్కు భవిష్యత్తును టేబుల్ మీదే నిర్ణయించే సంగతులు నాలుగున్నాయి, ఇవి అడిగితే మంచి సర్జన్ ఎవరూ విసుక్కోరు.

ప్లేటు పొడవు: ప్లేటు అంచుకూ పక్క డిస్కుకూ మధ్య కనీసం 5 మిల్లీమీటర్లు వదలాలి. అంతకన్నా దగ్గరగా వస్తే ఆ డిస్కు ముందు ఎముక ముక్కులా పెరిగి కప్పేయడం ఎక్కువని 2005లో వచ్చిన పరిశోధనలో తేలింది. పొట్టి ప్లేటు ఎంచుకుని స్క్రూలను ఏటవాలుగా బిగిస్తే ఆ దూరం వస్తుంది. ప్లేటు లేకుండా కేజ్‌లోంచే స్క్రూలు వేసే రకం కూడా ఉంది. అది పూసల మధ్యే ఇమిడిపోతుంది, పక్క డిస్కు దాకా రాదు, మింగడంలో ఇబ్బందీ తక్కువ. ఎముక గుల్లబారినవాళ్ళలో, ఎక్కువ లెవెల్స్ ఉన్నప్పుడు ప్లేటుకే మొగ్గు చూపే సర్జన్లున్నారు.

కేజ్ ఎత్తు: సాధారణంగా 5 నుంచి 8 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. ఖాళీ కన్నా ఎత్తైనది కొట్టి ఇరికిస్తే వెనక కీళ్ళు సాగి నొప్పి పెడతాయి, పక్క డిస్కులు నలుగుతాయి. లేదంటే కేజే పూసలోకి కుంగుతుంది. మరీ పొట్టిదైతే నరం దారి తెరుచుకోదు.

మెడ వంపు: మెడ పూసలు సహజంగా ముందుకు కొద్దిగా విల్లులా వంగి ఉంటాయి. ఆ వంపు పోయి నిటారుగానో వెనక్కి తిరిగో అతుక్కుంటే, తల నిలబెట్టడానికి పై డిస్కు జీవితాంతం కష్టపడుతుంది. నాలుగింటిలో ఎక్కువ కాలం వెంటాడేది ఇదే.

సూది గుర్తు: ఆపరేషన్ మొదట్లో లెవెల్ తెలుసుకోవడానికి డిస్కులో సూది గుచ్చి ఎక్స్‌రే తీస్తారు. అది పొరపాటున పక్క డిస్కులో పడితే, ఆ డిస్కు అరిగే అవకాశం సుమారు మూడు రెట్లు పెరుగుతుందని 2009లో చూపించారు. సూదిని పూస ఎముకలో పెట్టి లెవెల్ చూసుకుంటే ఆ ప్రమాదం ఉండదు.

కృత్రిమ డిస్కు గురించి కూడా అడుగుతారు కదా. కదలిక పోకుండా ఉండేందుకు కేజ్ బదులు కదిలే డిస్కు పెట్టడం అది. అమెరికాలో 2007లో మొదటి మెడ డిస్కుకు అనుమతి వచ్చింది. రెండు లెవెల్స్‌కు 2013లో వచ్చింది. ఏడేళ్ళ దాకా చూసిన పరీక్షల్లో పక్క లెవెల్‌కు మళ్ళీ ఆపరేషన్ పడ్డవాళ్ళు కృత్రిమ డిస్కు వైపు తక్కువగా కనిపించారు. అయితే ఎవరికి ఏది పెట్టారో రోగికీ డాక్టరుకూ తెలిసే చేసిన పరీక్షలవి, రెండో ఆపరేషన్ చేయాలా అన్న నిర్ణయం మీద ఆ తెలియడం ప్రభావం ఉండొచ్చు. పైగా కొందరిలో ఆ డిస్కు చుట్టూ ఎముక పెరిగి అదీ అతుక్కుపోతుంది. వెనక కీళ్ళు బాగా అరిగినవాళ్ళకు, ఎముక గుల్లబారినవాళ్ళకు, పూస జారేవాళ్ళకు, వెన్నుపాము ముందరి పట్టీ ఎముకలా గట్టిపడినవాళ్ళకు ఇది పనికిరాదు. వయసు తక్కువై, డిస్కు మెత్తగా జారి, పూసలు గట్టిగా ఉన్నవాళ్ళు తప్పకుండా అడగాల్సిన దారి ఇది.

4. మొదటి మూడు నెలలు అతుకు పడనివ్వండి

పక్క డిస్కు సంగతి తరవాత. ముందు చేసిన చోటు అతుక్కోవాలి. అతుకు పడకపోతే ప్లేటు స్క్రూలు కదులుతాయి. మెడనొప్పి మళ్ళీ మొదలై, పక్క డిస్కు జబ్బు అనుకుని తప్పు చోట వెతుకుతారు.

పొగాకు పూర్తిగా మానాలి. సిగరెట్, బీడీ, చుట్ట, గుట్కా, ఖైనీ అన్నిట్లోనూ ఉన్న నికోటిన్ కొత్త ఎముకకు రక్తం అందనివ్వదు. ఆపరేషన్‌కు కనీసం 4 వారాల ముందు ఆపి, ఎక్స్‌రేలో అతుకు కనిపించేదాకా ముట్టకూడదు. పొగాకు బోర్డు కొలువున్న గుంటూరులో ఇది చెప్పినంత తేలిక కాదని తెలుసు, అయినా కేజ్ ఖరీదు కన్నా ఈ ఒక్క పనే అతుకును ఎక్కువగా నిలబెడుతుంది. షుగర్ ఉన్నవాళ్ళు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) చూపించుకుని అదుపులోకి తెచ్చుకున్నాకే తారీఖు పెట్టుకోండి.

మొదటి 6 వారాలు 3-4 కిలోలు దాటిన బరువు ఎత్తకండి. నిండు నీళ్ళ బకెట్టు, గ్యాస్ సిలిండర్, చంటిపిల్లల్ని ఒంగి ఎత్తుకోవడం అన్నీ ఇందులోకే వస్తాయి. మెడ బెల్టు ఎన్నాళ్ళో మీ సర్జన్ చెప్పినన్నాళ్ళే. ధైర్యం కోసమని నెలల తరబడి పెట్టుకుంటే మెడ కండలు చిక్కిపోతాయి, అప్పుడు ఆ భారమూ పక్క డిస్కుల మీదే పడుతుంది. మందుల షాపులో డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు సొంతంగా కొని వారాల తరబడి వాడకండి. అతుకు మీద వాటి ప్రభావం ఉంటుందని చాలామంది సర్జన్లు తొలివారాల్లో వాటిని దూరం పెడతారు.

మింగేటప్పుడు గొంతులో అడ్డుపడ్డట్టు ఉండడం, గొంతు బొంగురు తొలివారాల్లో మామూలే. జావ, మెత్తని అన్నం, పెరుగన్నం చిన్న ముద్దలుగా తినండి. ఆపరేషన్ అయిన మొదటి రెండు మూడు రోజుల్లో మెడ ముందు వాపు గబగబా పెరిగి ఊపిరి అందకపోతే మాత్రం ఒక్క నిమిషం ఆగకూడదు. లోపల రక్తం గడ్డకట్టి శ్వాసనాళాన్ని నొక్కుతుండొచ్చు. ఇంట్లో ఉంటే వెంటనే 108.

5. రోజువారీ పనిని మెడకు తగ్గట్టు సర్దుకోండి

ఒక మాట నిజాయితీగా: ఫలానా వ్యాయామం చేస్తే పక్క డిస్కు అరగదు అని చెప్పేందుకు ఆధారం లేదు. చేతనైంది ఆ డిస్కు మీద పడే వంపునూ బరువునూ తగ్గించడం, కండల్ని బలంగా ఉంచడం. నొప్పి తగ్గడానికి అది బాగా పనికొస్తుంది.

తల బరువు సుమారు 5 కిలోలు. తల ముందుకు వంగేకొద్దీ ఆ బరువును పట్టి ఉంచడానికి వెనక కండలు లాగుతాయి, ఆ లాగుడంతా డిస్కుల్ని నొక్కుతుంది. ఫోన్‌ను ఛాతీ దగ్గర కాకుండా కళ్ళ ఎత్తుకు తేవాలి, మోచేతి కింద దిండు పెట్టుకుంటే చెయ్యి లాగదు. బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల దర్జీలు, బంగారం పనివాళ్ళు, లెక్కలు రాసే గుమస్తాలు గంటల తరబడి తల వంచే ఉంటారు. బల్ల ఎత్తు పెంచడం, రాసే పుస్తకం కింద ఏటవాలు చెక్క పెట్టడం, అరగంటకోసారి లేచి రెండు నిమిషాలు నడవడం చేయండి.

వెనక్కి వంచడం మరో రకం ముప్పు. తల వెనక్కి వాలిస్తే నరం బయటికొచ్చే రంధ్రాలు ఇరుకవుతాయి. ఆటోనగర్‌లో లారీ కింద నుంచి పైకి చూస్తూ బోల్టులు విప్పేవాళ్ళు, సీలింగ్ పని చేసే పెయింటర్లు, ఎలక్ట్రీషియన్లు చెయ్యి జివ్వున లాగిందని చెప్పేది ఈ భంగిమలోనే. నిచ్చెన ఇంకో మెట్టు ఎక్కి పనిని కళ్ళ ఎదురుకు తెచ్చుకోవాలి. లారీ కింద పనైతే కుదిరినంత వరకు చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని, తల కింద మెత్త పెట్టుకుని చేయాలి.

మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీలకు, తల మీద బరువులెత్తేవాళ్ళకు నొప్పించినా ఖచ్చితంగా చెప్పాలి. నలభై కిలోల చుట్టుపక్కల ఉండే టిక్కీని మెడ మీదా తల మీదా మోయడం ఇక వద్దు. కాటా దగ్గరో, కుట్టుపనిలోనో వేరే పని అడగండి, అందుకు పనికొచ్చేలా ఏ పని చేయకూడదో డాక్టరు గారి చేత కాగితం మీద రాయించుకోండి.

క్షవరం అయ్యాక తల మర్దనా చేసి రెండు పక్కలా టక్కున మెడ విరిచే అలవాటు మన సెలూన్లలో ఉంది. ప్లేటు ఉన్న మెడకు అది ఎంతమాత్రం చేయించకండి. అతుక్కున్న చోటు తిరగదు కాబట్టి ఆ మెలికంతా మిగతా పూసల మీద, వాటి పక్కగా మెదడుకు వెళ్ళే రక్తనాళం మీద పడుతుంది. కుర్చీలో కూర్చోగానే చెప్పేయండి, చివర్లో చెప్పే వ్యవధి ఉండదు.

పక్కకు పడుకునేవాళ్ళకు దిండు ఎత్తు చెవికీ భుజం చివరకూ మధ్య దూరమంత ఉండాలి. వెల్లకిలా అయితే పలచటి దిండు ఒకటి చాలు. బోర్లా పడుకోవడం మానుకోండి. కారులో సీటు వెనక తల ఆనించే దిండును తల వెనక భాగానికి సరిగ్గా వచ్చేలా పైకి లాగుకోండి.

వ్యాయామం సర్జన్ సరే అన్నాకే, సాధారణంగా 6 నుంచి 12 వారాల తరవాత. అరచెయ్యి నుదుటికి ఆనించి, తల కదలకుండా నుదుటితో చేతిని మెల్లగా 5 సెకన్లు నెట్టండి. అలా 10 సార్లు. అదే తల వెనక, రెండు పక్కలా. రెండోది, గోడకు వీపు ఆనించి నిలబడి గడ్డాన్ని నేరుగా వెనక్కి లాక్కుని 5 సెకన్లు ఉంచి వదలడం, 10 సార్లు. నెట్టేటప్పుడు చెయ్యి లాగితే ఆపేయండి.

6. నెలకోసారి ఇంట్లో పరీక్ష చేసుకోండి

దీనికి పది నిమిషాలు చాలు. తారీఖు వేసి నోటుబుక్కులో రాయండి.

అరచెయ్యి నేల వైపు పెట్టి పిడికిలి పూర్తిగా మూసి, వేళ్ళు పూర్తిగా చాచి, మళ్ళీ మూయండి. 10 సెకన్లలో కనీసం 20 సార్లు రావాలి. రెండు చేతులకూ విడిగా చూడండి. తరవాత హాల్లో టైల్స్ అతుకు గీత మీద ఒక కాలి మడమను రెండో కాలి వేళ్ళకు తగిలిస్తూ 10 అడుగులు వేయండి, పక్కన ఎవరినైనా ఉంచుకోండి. చొక్కా గుండీలు, జాకెట్టు హుక్కులు, బియ్యంలో రాయి ఏరడం మునుపటంత సులువుగా ఉన్నాయా చూడండి. చివరగా ఇంట్లో ఒకరి చేత మీ భుజం, మోచెయ్యి మడత, మోచెయ్యి చాపు, పిడికిలి బలం రెండు వైపులా పోల్చి చూపించుకోండి.

పిడికిలి లెక్క ఒక నెలలో రెండు మూడు తగ్గితే కంగారు లేదు. వరసగా తగ్గుతూ 20 కన్నా దిగిపోతే, గీత మీద తూలుతుంటే, తల వంచగానే వీపు వెంట కరెంటు పాకినట్టు అనిపిస్తే, మూత్రం ఆపుకోలేకపోతుంటే అది వెన్నుపాము నొక్కుకుంటున్న గుర్తు. విచిత్రమేమిటంటే దీనికి నొప్పి ఉండకపోవచ్చు. నొప్పి లేదు కదా అని ఆగినవాళ్ళే ఎక్కువ నష్టపోతారు. చెయ్యి బలం కొత్తగా పడిపోయినా అంతే. ఆ వారంలోనే న్యూరోసర్జన్ దగ్గరికి వెళ్ళాలి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోనూ, మంగళగిరి ఎయిమ్స్‌లోనూ న్యూరోసర్జరీ విభాగాలున్నాయి. ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నవాళ్ళు ఆసుపత్రిలో ఆ పథకం సిబ్బందిని కలిసి తమ ఆపరేషన్‌కు పథకం వర్తిస్తుందేమో ముందే కనుక్కోండి.

తిమ్మిరల్లా మెడ నుంచే కాదు. రాత్రి నిద్రలో బొటనవేలు నుంచి మధ్యవేలి దాకా మొద్దుబారి, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుని ఉండొచ్చు. రెండు పాదాలూ ముందు తిమ్మిరెక్కి తరవాత చేతులకు వస్తే షుగర్, బి12 చూపించండి. భుజం కీలు పట్టేస్తే కూడా చెయ్యి పక్కకు లేవదు. వీటన్నిటినీ "పక్క డిస్కే" అనుకుని రెండో ప్లేటు వేయించుకుంటే తిమ్మిరి అలాగే ఉండిపోతుంది.

7. ఫిల్ము ఎలా తీయించాలి, ఏం చూడాలి

సాధారణంగా 6 వారాలకు, 3, 6, 12 నెలలకు ఎక్స్‌రే అడుగుతారు. నిలబెట్టి పక్క నుంచి తీయించండి. పడుకోబెట్టి తీస్తే మెడ అసలు వంపు తెలియదు. లావుగా, భుజాలు ఎత్తుగా ఉన్నవాళ్ళకు సి7 దగ్గర భుజాలు అడ్డొస్తాయి, చేతుల్ని కిందికి లాగిపెట్టి తీయమనండి. సి7-టి1 కనపడని ఫిల్ముతో కింది పక్క డిస్కు గురించి ఎవరూ ఏమీ చెప్పలేరు.

అతుకు పడిందో లేదో చూడడానికి తల ముందుకు వంచి ఒకటి, వెనక్కి వాల్చి ఒకటి తీస్తారు. ఆ రెండింటిలో అతికించిన లెవెల్ దగ్గర పూసల వెనక కొమ్ముల మధ్య దూరం తేడా 1 మిల్లీమీటరు లోపుంటే అతుక్కున్నట్టు. అదే ఫిల్ముల్లో అతికించని పై పూసల దగ్గర తేడా 4 మిల్లీమీటర్లన్నా రాకపోతే మీరు భయపడి మెడ సరిగా వంచలేదని అర్థం, ఆ ఫిల్ము లెక్కలోకి రాదు. అనుమానం తీరకపోతే సీటీ.

పక్క డిస్కు దగ్గర చూడాల్సినవి: పాత ఫిల్ముతో పోలిస్తే ఖాళీ తగ్గిందా, ప్లేటు చివర నుంచి ఎముక ముక్కు పెరిగిందా, పై పూస కింది పూస మీద జారిందా. స్క్రూ తల బయటికొచ్చిందా, కేజ్ 2-3 మిల్లీమీటర్లు మించి కుంగిందా కూడా చూడమనండి. ప్లేటు అంచు డిస్కుకు దగ్గరగా ఉందని రిపోర్టులో రాసినా, బాధ లేకపోతే అందుకోసమే ప్లేటు తీయించుకోవాల్సిన పని లేదు.

నరాల బాధ ఉంటే ఎంఆర్ఐ కావాలి. టైటానియం ప్లేటు ఉన్నవాళ్ళకు మామూలుగా ఎంఆర్ఐ తీయవచ్చు. ప్లేటు పక్కన నల్లగా చెదిరినట్టు కనిపిస్తుంది, పక్క డిస్కులు ఎక్కువగా చదవడానికి వీలుగానే ఉంటాయి. ప్లేటు ఉందని టెక్నీషియన్‌కు ముందే చెప్పి స్టిక్కర్ ఫోటో చూపించండి. పాత సీడీ కూడా ఇచ్చి రెండింటినీ పోల్చి రాయమని అడగండి.

8. పక్క డిస్కే అని తేలితే

మొదటి మెట్టు మళ్ళీ మందులు, ఫిజియోథెరపీ, 6 వారాలు. వెన్నుపాము గుర్తులు, బలం తగ్గడం లేనప్పుడు మాత్రమే. కొందరికి నరం చుట్టూ ఇంజెక్షన్ ఇస్తారు. అది బాధ తగ్గిస్తుంది, అసలు బాధ పెడుతున్నది ఆ నరమేనా అన్నదీ తేలుస్తుంది.

ఆపరేషన్ తప్పకపోతే దారులు కొన్ని ఉన్నాయి. పాత ప్లేటు తీసి రెండు లెవెల్స్‌కూ కలిపి పొడవైనది వేయడం ఒకటి. పాతది కదపకుండా పక్క లెవెల్లో ప్లేటు లేని కేజ్ బిగించడం రెండోది, కోత పని తగ్గుతుంది. తగిన మెడ అయితే అక్కడ కృత్రిమ డిస్కు. ఒక పక్క నరమే అయితే వెనక నుంచి తొలిచి వదలడం. ఎక్కువ లెవెల్స్‌లో వెన్నుపాము నొక్కుకుని, మెడ వంపు బాగుంటే వెనక నుంచి పూసల కప్పును తెరిచి చోటు పెంచడం. మీకు ఏది ఎందుకో, మిగతావి ఎందుకు కాదో రెండూ చెప్పించుకోండి.

ముందు నుంచి రెండోసారి కోయాలంటే, ముందుగా చెవి-ముక్కు-గొంతు డాక్టరు చేత స్వరతంత్రులు చూపించుకోవాలి. మొదటి ఆపరేషన్‌లో ఒక వైపు గొంతు నరం దెబ్బతిని, రెండో వైపు సర్దుకోవడం వల్ల మాట మామూలుగానే ఉండొచ్చు. అది తెలియకుండా రెండో వైపు నుంచి కోసి ఆ నరమూ దెబ్బతింటే ఊపిరికే ప్రమాదం. పరీక్షలో రెండు తంత్రులూ బాగుంటేనే కొత్త వైపు నుంచి వెళ్ళడం గురించి ఆలోచిస్తారు.

పాత ప్లేటు విప్పాలంటే దాని స్క్రూ తలలకు సరిపడే స్క్రూడ్రైవరే కావాలి. ఒక్కో కంపెనీది ఒక్కో ఆకారం. అది లేకపోతే స్క్రూ తల అరిగిపోయి, ఎముక తొలిచి తీయాల్సి వస్తుంది. కంపెనీ పేరు ముందే తెలిస్తే ఆ సెట్టు విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో తెప్పించి తారీఖు వేస్తారు. ఆసుపత్రికి వెళ్ళే సంచిలో మొదట పెట్టుకోవాల్సింది ఆ స్టిక్కర్ ఫోటో.